నిలబెట్టిన డాలు

బుధవారం మధ్యాహ్నం మూడు గంటల పది నిమిషాలకు నేపర్‌విల్‌లోని ఒక ఇంటి బేస్‌మెంట్‌లో ధర్మారావు అనే మాంత్రికుడు చనిపోయాడు. అప్పుడు అక్కడ ఉన్నది ఇంటావిడ కృష్ణవేణి ఒక్కతే.

ఆమె భర్త సత్యం పోయి తొమ్మిది నెలలు. ఆమె ఇంకా రెండు కప్పుల కాఫీ కలుపుతోంది. ఒకటి తాగి, ఒకటి సింక్‌లో పోస్తోంది. ఒక్కసారి ఆయన గొంతు వినాలి. ధర్మారావును ఆమె అడిగింది అంతే.

అతను సూట్‌కేసులోంచి కపాలం తీశాడు. తను కూర్చునే జింకచర్మాన్ని ఎయిర్‌పోర్ట్‌లో ఆపేశారన్నాడు. అటూ ఇటూ చూస్తే గోడకు ఆనించిన నాగా డాలు కనిపించింది. దున్నతోలు, మనిషి భుజమంత ఎత్తు, అంచున వెంట్రుకల కుచ్చులు. సత్యం కొహిమా దగ్గర వంతెన కట్టిన ఏడాది, డాళ్లు పట్టి ఊరేగే పండుగలో ఊరిపెద్ద ఆయన చేతికిచ్చిన డాలు అది.

"దాన్ని పడుకోబెట్టకూడదండీ. కాపలా కాసేది నిలబడే ఉండాలని ఆ పెద్దాయన చెప్పారట."

"తోలు తోలేనమ్మా. జింకదైతేనేం, దున్నదైతేనేం?"

డాలును బోర్లా పరిచి దాని మీద కూర్చున్నాడు. కృష్ణవేణి ఫోన్‌లో రికార్డింగ్ పెట్టుకుంది.

మంత్రం మొదలైంది. బయట ఉరిమింది. కపాలం ముందున్న దీపం నీలంగా మారింది... ఆమె నాలుక ఆమె మాట వినలేదు. ఆమె నోట్లోంచి ఒక మగగొంతు నవ్వింది. అది సత్యానిది కాదు.

"మీ ఆయన రాడు," అన్నాడు ధర్మారావు. "వచ్చింది నా మనిషి. ఇక నీ ఒంట్లోనే ఉంటాడు. నేను చెప్పిందే చేస్తావు."

ఆమె నుదుట బూడిద పూయడానికి లేచి వచ్చాడు.

అప్పుడు ఆమె చెవి పక్కనే సత్యం గొంతు వినిపించింది. "వేణీ, దాన్ని లేపి నిలబెట్టు."

ఆమె వంగి, రెండు చేతులా డాలును లేపి అతనికి ఎదురుగా నిలబెట్టింది. నవ్వు ఆమె గొంతు వదిలింది. డాలుకు తగిలి వెనక్కి మళ్లింది. ఈసారి ధర్మారావు నోట్లోంచి వచ్చింది... అతని ఊపిరి ఆగేదాకా ఆగలేదు.

గుండెపోటని డాక్టర్ రాశాడు. మూడు వారాలకు పోలీసులు ఫోన్ తిరిగి ఇచ్చారు. రికార్డింగ్‌లో మంత్రం ఉంది, నవ్వు ఉంది, బెదిరింపు ఉంది. సత్యం మాట ఉండాల్సిన చోట నాలుగు సెకన్ల పాటు వాన చప్పుడు ఉంది.