పది శ్వాసలు

పొద్దున ఏడింటికి కార్వాన్‌లోని ఇంట్లో మొగులయ్య అంగీ తొడుక్కుంటున్నాడు. కుడి చెయ్యి పైకి లేవలేదు. బస్సు డిపోలో ముప్పై ఏళ్లు రంగులు కొట్టిన మనిషి. ఊపిరితిత్తుల జబ్బు తొమ్మిదేళ్ల కిందట బయటపడింది. తన దగ్గు వల్ల భార్య నిద్ర చెడుతుందని అప్పటి నుంచి ముందు గదిలో కుర్చీలోనే పడుకుంటున్నాడు.

కూతురు సోనీ ఫిజియోథెరపిస్టు. డ్యూటీకి బయల్దేరుతూ తండ్రి వీపు చూసి ఆగింది. వెన్ను పక్కన అరచేయంత మేర కమిలి ఉంది.

"బాపూ, ఇదేంది?"

"ఏం లేదు."

"ఏం లేదంటే? పడ్డవా?"

వంటింట్లోంచి తల్లి రాజమణి జవాబిచ్చింది. "పడలే. మెడ, భుజం పట్టేసినయని నిన్న పహిల్వాన్ దగ్గరికి పోయిండు. ఎముకలు సరిచేస్తడట! వీపు మీద మోకాలు పెట్టి గుంజిండట."

సోనీ బ్యాగు కింద పెట్టింది.

"ఏండ్ల సంది స్టెరాయిడ్ గోలీలు మింగుతున్నవ్. ఎముకలు గుల్లయితయని చెప్పలేదా? పక్కటెముక ఇరిగితే? ఊరోళ్ల భుజాలన్నీ నేను సరిచేస్త. నా బాపు పహిల్వాన్ దగ్గరికి పోవాల్నా?"

"లొల్లి చెయ్యకు బిడ్డా."

"నన్నెందుకు ముట్టనియ్యవ్?"

మొగులయ్య ఊపిరి అందేదాకా ఆగాడు. "ఎదిగిన బిడ్డతోని ఒళ్లు పట్టించుకుంటరానే? నాకు సిగ్గయితది."

"మరి అమ్మతోని?"

ఆయన నేల చూశాడు. "ఏరుగ పండుకోబట్టి తొమ్మిదేండ్లాయె. ఏ మొఖం పెట్టుకొని అడుగుత?"

వంటింట్లో గిన్నెల చప్పుడు ఆగింది. రాజమణి గుమ్మంలోకి వచ్చింది.

"కుర్చీ నువ్వేసుకున్నవ్. నీ దగ్గు నాకు అడ్డమని నేనన్ననా? అది ఇనపడకపోతెనే నాకు నిద్ర రాదు. లేచొచ్చి, నువ్వు గాలి తీస్తున్నవో లేదో చూసి పోత."

ఆ సంగతి మొగులయ్యకు తెలియదు. ఆయన అంగీ గుండీలు పెట్టుకోబోయి ఆపేశాడు.

ఆ రోజే ఎక్స్‌రే తీయించారు. ఎముక విరగలేదు. కమిలింది మానడానికి మూడు వారాలు పట్టింది.

ఆ తర్వాతి ఆదివారం సోనీ తండ్రిని స్టూలు మీద కూర్చోబెట్టి, బల్ల మీద దిండు వేసి తల ఆన్చమంది. తల్లి అరచేతిని ఆయన మెడకూ భుజానికీ మధ్య పెట్టి, దాని మీద తన చెయ్యి పెట్టింది.

"దీనితోని ఊపిరితిత్తులు బాగుకావమ్మా. గాలి గుంజి గుంజి ఈ కండలు బిగుసుకపోయినయ్. అవి జర వదులైతయ్, గంతే. జోరుగ ఒత్తొద్దు. బాపు గాలి వదిలినప్పుడు మెల్లగ కిందికి జరుపు. పదిసార్లు."

"నా చేతులు గరుకు," అంది రాజమణి.

"ముప్పై ఏండ్లు బస్సులకు గరుకు కాయితం రుద్దిన. ఫికర్ చెయ్యకు," అన్నాడు మొగులయ్య దిండులోంచి.

నాలుగో శ్వాస దగ్గర సోనీ తన చెయ్యి తీసేసింది. రాజమణి చెయ్యి కదులుతూనే ఉంది. కాసేపటికి ఆగింది.

"ఎన్నయినయి?" అడిగింది సోనీ.

రాజమణి కళ్లు తుడుచుకుంది. "లెక్క తప్పిన."

మొగులయ్య తల ఎత్తలేదు.

"అయితే మల్ల ఒకటి నుంచి షురూ చెయ్యి," అన్నాడు.