బూట్ల బంగళాలో దొరికిన చెక్క

తెరుబలి నుంచి కల్యాణసింగ్‌పూర్ వెళ్లే దారిలో, ఊరు దాటేక ఒక పాత బంగళా ఉండేది. ఎవరో సర్వే దొర కట్టించుకుని, జొరం తగిలి అందులోనే పోయేడట. చీకటి పడితే దాని వరండాలో బూట్లు నడుస్తాయనేవారు. మనిషి కనపడడు... చప్పుడే. ఈ కొస నుంచి ఆ కొసకి, ఆ కొస నుంచి ఈ కొసకి — తెల్లారేదాకా. లోపలికి మాత్రం ఏనాడూ రాలేదు.

ఇదంతా నాకు ఎలీయాజరు మాస్టారు చెప్పేరు. ఆయన తెరుబలి బళ్లో లెక్కలు చెప్పేవారు. ఈ కథ జరిగిన రాత్రి ఆయన ఆ బంగళాలోనే ఉన్నారు.

డెబ్బైల్లో సంగతి. ఆ ఊరి ఫ్యాక్టరీలో ఫిట్టరు ఢిల్లీశ్వరరావుకి పెళ్లయి రెండేళ్లయినా ఇల్లు కుదర్లేదు. పెళ్లాం సూర్యకాంతమ్మ బొబ్బిల్లో పుట్టింట్లోనే ఉండిపోయింది. చివరికి చవగ్గా వస్తోందని ఆ బంగళా అద్దెకి తీసుకుని ఆవిణ్ణి తీసుకొచ్చేడు. "దెయ్యవేటి? నా చేతిలో పానా చూస్తే పారిపోద్ది" అని కనపడ్డవాళ్లందరి దగ్గరా కోతలు కోసేడు.

ఇల్లు దులుపుతుంటే అటక మీద సూర్యకాంతమ్మకి ఓ వస్తువు దొరికింది. మూరెడు చెక్క. ఒక కొసన కప్ప నోరు తెరిచినట్టు చీలిక, దాని అంచుకి తోలు. ఆ కొస కాస్త లేచి ఉండేలా కింద ఓ దిమ్మ. ఎన్నాళ్లు వాడేరో, నున్నగా అరిగిపోయి ఉంది.

ఇంక చూడాలి మగాళ్ల తెలివి. సాయంత్రం టీకి మాస్టారూ, స్టోర్సులో గుమస్తా కన్నయ్యా వచ్చేరు.

"పైపులు వంచే చెక్క" అన్నాడు ఢిల్లీశ్వరరావు, చూసీ చూడకుండానే.

"పైపులకి తోలెందుకు? మేకని బలిచ్చేటప్పుడు మెడ ఇందులో పెడతారు" అన్నాడు కన్నయ్య.

మాస్టారు గొంతు సవరించుకున్నారు. "మేకలు కాదు. దొరలు ఖైదీల మెడలు ఇరికించేవారు. నేను చదివేను."

ఎక్కడ చదివేరని, ఈ కథ చెప్తున్నప్పుడు నేనడిగితే ఆయన మాట మార్చేసేరు.

సూర్యకాంతమ్మ టీ గ్లాసులు తీసుకుపోతూ అంది — "మెడేటి? దీన్లో మీ మణికట్టుకి మించి పట్టదు."

కానీ మెడలన్న మాట పని చేసింది. వెలుగు తగ్గేసరికి కన్నయ్యకి ఏదో పని గుర్తొచ్చింది. పానా చూపించి దెయ్యాన్ని తరిమేస్తానన్న మొనగాడు "ఇక్కడే పడుకోండి మాస్టారూ" అని చెయ్యి పట్టుకున్నాడు.

భోజనాలయ్యేయి. కరెంటు పోయింది. లాంతరు వెలిగించేరు.

అప్పుడు... వరండా చివర్న — టక్.

టక్... టక్... టక్...

బూట్లు గుమ్మం దాకా వచ్చి ఆగేయి. అక్కడ నేలమీద ఏదో వెతుకుతున్నట్టు కాలు రాసిన చప్పుడు. అటు... ఇటు... దొరకలేదు. మళ్లీ నడక.

"రేపు నిన్ను బొబ్బిలి దిగబెట్టేస్తాను" అని గొణిగేడు ఢిల్లీశ్వరరావు.

"రెండేళ్లున్నాను అక్కడ. సాలు."

సూర్యకాంతమ్మ లేచింది. ఆ చెక్క తీసుకుని తలుపు ఓరగా తెరిచి, గుమ్మం పక్కన పెట్టింది.

"నీదేనా ఇది? తీసుకుని పో."

తలుపేసి గడియ పెట్టింది.

బూట్లు వచ్చేయి. ఆగేయి. చెక్క కిర్రుమంది... తోలు లాగిన చప్పుడు... దబ్బున ఏదో నేలమీద పడింది.

కాసేపాగి — ఇంకోటి.

"అమ్మా..." అన్నారు మాస్టారు గుసగుసగా. "అది బూట్లిప్పుకునే చెక్క."

అంతే. మడమ ఆ చీలికలో ఇరికించి, రెండో కాలితో చెక్కని తొక్కిపెట్టి లాగితే, ఒంగక్కర్లేకుండా బూటు ఊడొస్తుంది. పైపూ కాదు, మేకా కాదు, ఖైదీ కాదు.

ఢిల్లీశ్వరరావుకి ప్రాణం లేచొచ్చింది. "దీనికా ఇంత భయపడ్డారు మీరు? ఇంక పోతాడు లెండి" అని నవ్వేడు కూడా.

అప్పుడు వినిపించేయి... ఒట్టి కాళ్లు.

బయటికి పోవట్లేదు. గడియ పెట్టిన తలుపుకి ఇవతల — మెత్తగా, నిదానంగా — ముగ్గురి పక్కనుంచీ నడిచి పక్కగదిలోకి వెళ్లేయి. అక్కడ మంచం కిర్రుమంది. ఎవరో దుప్పటి లాక్కుని నిట్టూర్చేరు.

అన్నేళ్లూ దొర లోపలికెందుకు రాలేదో వాళ్లకప్పుడు తెలిసింది. బూట్లు ఊడక.

తెల్లారగానే మాస్టారు బడికని బయల్దేరేరు... ఆదివారం అని దారిలో గుర్తొచ్చిందట. మళ్లీ వెనక్కొచ్చి చూస్తే ఢిల్లీశ్వరరావు ట్రంకుపెట్టె సర్దుతున్నాడు.

సూర్యకాంతమ్మ ఆ పెట్టె మూత దబ్బున మూసింది. "ఎందుకెళ్లాలి? గుమ్మం బయటే బూట్లిప్పి, సప్పుడు సెయ్యకుండా పడుకున్నాడు. మీరు ఒక్కనాడైనా అలా సేసేరేటి?"



ఆవిడ పక్కగదిలోకి వెళ్లి, ముగ్గుర్లో ఎవరూ పడుకోని మంచం మీద నలిగిన దుప్పటి తీసి మడత పెట్టింది.