గజపతినగరం కూజా, గరివిడి పట్టీ

"నీ సెక్కకి సిగ్గు నేదేటి? పట్టీ ఇప్పేసి కూకున్నాది."

వానలో తడిసిన స్కూటీ దిగుతూనే ఝాన్సీ అన్న మాటకి గిరిబాబు కొయ్యబారిపోయాడు. వడ్రంగికి కొయ్యబారడం ఎంతసేపు?

గజపతినగరంలో అతనికో లేత్ మిషనుంది. టేకు ముక్కల్ని గిర్రున తిప్పి, అందాల కూజాలు చెక్కుతాడు. మిషను లేత్, మనసు లేత. ఆ కూజాలు చేయించుకుని, మెడకి తొడిగే నగిషీ ఇత్తడి పట్టీలు పోతపోసి అమ్మేది గరివిడి కంచరి నరసింగరావు. స్కూటీ మీద సామాను తెచ్చి, పట్టుకెళ్లే ఝాన్సీ ఆయన కూతురు. ఆయనది ఇత్తడి, ఆయన ఇంట్లోది పుత్తడి.

"నా సెక్క సుబ్బరంగా ఉన్నాది. మీ పట్టీయే లూజు."

"పచ్చి సెక్క తెచ్చి కూజా సేసినావు. అది ఆరింది, సిక్కింది, పట్టీ జారింది. మద్దిన నన్ను తిప్పుతన్నావు."

"తిప్పడవే కదా నా పని."

నవ్వు దాచుకోడానికి ఝాన్సీ చున్నీతో మొహం తుడుచుకుంది. "నాన్న సెప్పమన్నాడు. ఇంకొక్కటి ఎనక్కొస్తే పని కొత్తవలస మిషనుకి ఇచ్చేస్తాడంట. అప్పుడు నాను ఇటేపు రాను."

వాన ఆగింది. గిరిబాబు గుండె కూడా ఓ క్షణం ఆగింది. కొత్తవలస జంక్షన్లో రైళ్లు విడిపోతాయని తెలుసుగాని, మనుషులు కూడానా?

మర్నాడే ఓ పాత ఇంటి ద్వారబంధం కొన్నాడు. ఏళ్లతరబడి ఎండిన టేకు, ఇంక చిక్కడానికేం లేదు. దాంతో కొత్త కూజా తిప్పి, పట్టీ ఈసారి మెడకంటే వెంట్రుకవాసి బిగువుగా పొయ్యమని ఝాన్సీకి ఫోన్ చేశాడు.

పట్టీతోపాటు నరసింగరావే స్వయంగా స్కూటీ వెనకాల కూర్చుని వచ్చాడు.

"సూడండి బాబూ," అంటూ గిరిబాబు పట్టీని బొగ్గుల మీద కాల్చాడు. వేడికి అది సాగింది. పటకారుతో కూజా మెడకి దించి నీళ్లు పోశాడు. చుయ్‌మంది. పొగలోంచి ఝాన్సీ చూసింది. ఆ చూపుకి చల్లార్చే నీళ్లు గజపతినగరంలో లేవు.

నరసింగరావు లాగాడు. మెలిపెట్టాడు. పట్టీ కదల్లేదు.

"ఎక్కడ నేర్సినావు?"

"బండి సక్రానికి ఇనప పట్టా ఇలాగే తొడుగుతారు కదా బాబూ."

"బాగున్నాది. ఇంక మా పిల్లకి తిరుగుడు తప్పింది. సామాను బస్సుకి ఏయించుకుందుము."

ఝాన్సీ ఆ కూజాని సవతిని చూసినట్టు చూసింది. గిరిబాబుకి అప్పుడు వెలిగింది. పట్టీ జారితే కొత్తవలస, జారకపోతే బస్సు. ఎలా చూసినా పిల్ల రాదు.

"అలగైతే ఎలాగ మావా," అన్నాడు.

నరసింగరావు కూజా వదిలేసి తలెత్తాడు.

"ఏటన్నావు?"

"మావా అన్నాను."

"ఇందాకటిదాకా బాబూ అన్నావు."

"ఇందాకటిదాకా పట్టీ నిలబడతాదో నేదో తెలీదు మావా. ఝాన్సీ కూజాలు మోసుకుని రావడం నాకొద్దు. ఉత్త సేతుల్తో రావాల. వచ్చి ఉండిపోవాల."

నరసింగరావు కూతురివైపు తిరిగాడు. "ఏటే, ఈడేటో అంటన్నాడు?"

ఝాన్సీ చున్నీ కొసని వేలికి చుట్టుకుంది. "నాకేటి తెలుసు. ఆయన్నే అడుగు."

"ఆయనా? దారి పొడుగునా ఆడూ ఈడూ అన్నావు కదే."

ఝాన్సీ మొహం తిప్పేసుకుంది. చెవులు మాత్రం ఎర్రబడ్డాయి.

నరసింగరావు ఇద్దర్నీ మార్చి మార్చి చూశాడు. స్టూలు మీది రంపప్పొట్టు తువ్వాలుతో దులిపి, తీరిగ్గా కూర్చున్నాడు.

"మావా అన్నోడివి, టీ అయినా తెప్పించవేట్రా?"