అమ్మకు చెప్పలేని పరీక్ష

"ఇంతకీ ఏ పరీక్షండీ?"

క్యాంటీన్‌లో అందరి ముందూ ప్రూఫ్‌రీడరమ్మాయి అలా అడిగేసరికి, ప్రెస్సులో స్టాఫ్ ఇన్సూరెన్స్ చూసే కుర్రాడు చేతిలో కాగితం వెనక మొహం దాచుకున్నాడు. ఉద్యోగినులకూ, ఉద్యోగుల తల్లులకూ ఆ పరీక్ష ఉచితం. పాలసీ వచ్చి మూడు నెలలైనా ఒక్కరికీ చెప్పలేదని మేనేజర్ తిడితే ఇవాళ లేచి నిలబడ్డాడు.

"అదే... ఆడవాళ్ళకి చేసేది."

"ఏంటీ, వంట పరీక్షా?"

క్యాంటీన్ గొల్లుమంది. చివరికి ఆమే, "రొమ్ము క్యాన్సర్ పరీక్ష. పైసా కట్టక్కర్లేదు, అందరూ వెళ్ళండి" అని తేల్చేసింది. ఆమెంటే అతనికి ప్రాణం. ఆమె ముందే పరువు పోయింది.

సాయంత్రం జోరువాన. బస్టాపులో ఇద్దరే చిక్కుకున్నారు.

"కోపమొచ్చిందా, ఇన్సూరెన్స్ గారూ?"

"సిగ్గేసిందండీ."

"పోన్లెండి. మీ అమ్మగారికి చేయించారా?"

"అమ్మతో ఆ మాటెలా అంటానండీ? కొడుకుని కదా!"

ఆమె నవ్వు ఆగిపోయింది. "మీ సిగ్గు కోసం అమ్మని గాలికొదిలేస్తారా?" అని, బస్సు రాగానే వెనక్కి చూడకుండా ఎక్కేసింది. అతనికి తల కొట్టేసినట్టయింది.

తడిబట్టలతోనే వంటింటి గుమ్మంలో నిలబడి, గోడకేసి చూస్తూ ఒక్క గుక్కలో చెప్పేశాడు. అమ్మ గిన్నె తోమడం ఆపింది.

"రెండు నెలల్నుంచి గడ్డలా తగుల్తోందిరా. మగపిల్లాడివి, నీకెలా చెప్పనూ అని ఊరుకున్నా."

అతను అక్కడే చతికిలబడి ఏడ్చాడు.

మర్నాడు ప్రూఫ్‌రీడర్ టేబుల్ దగ్గర చేతులు కట్టుకుని నిలబడ్డాడు. "మీరన్నది నిజం. అమ్మకి గడ్డుంది. నాకు భయంగా ఉందండీ. తోడొస్తారా?"

ఆమె వెంటనే బ్యాగందుకుంది.

పరీక్షలన్నీ అయి, రిపోర్టులు వచ్చేదాకా వారం రోజులు అతనికి అన్నం సయించలేదు. అది ప్రమాదం లేని గడ్డేనని డాక్టరు చెప్పాక ముగ్గురూ ఆసుపత్రి వరండాలోకొచ్చారు. బయట మళ్ళీ వాన. అమ్మ అలసటగా బెంచీ మీద కూర్చుంది.

"ఇంకా సిగ్గుగానే ఉందండీ. మూడు నెలలు నోరు మూసుకున్నా. అదే ఇంకోటయ్యుంటే?" అన్నాడతను.

"ఆ సిగ్గు మాత్రం ఉంచుకోండి" అందామె మెల్లగా.

అమ్మ ఇద్దర్నీ మార్చి మార్చి చూసింది. "వీడు నీతో ఇంకేదో చెప్పాలనుకుంటున్నాడమ్మాయ్. ఈ జన్మలో చెప్పేలా లేడు."

"ఆయన చెప్పేదాకా ఆగితే ముసలివాళ్ళమైపోతాం. నాకు తెలుసులెండి. పదండి అత్తయ్యా, వాన తగ్గింది" అంటూ ఆమె అమ్మకి చెయ్యందించింది.