జేబులో కేకు ముక్క

కేకు ముక్కని పక్కవాడి కోటు జేబులో పెట్టేసిన ఆడపిల్ల నెదర్లాండ్స్‌లోని లేవార్డెన్ ఊరు మొత్తం మీద నింకె ఒక్కతే అయ్యుంటుంది.

తప్పు పూర్తిగా ఆమెది కాదు. ఆ రోజు పక్కింటి పెద్దావిడ బౌక్యె గారి అరవై అయిదో పుట్టినరోజు. ముందుగదిలో పదహారు కుర్చీలు గుండ్రంగా వేశారు. అక్కడి ఆచారం ప్రకారం వచ్చినవాళ్లు బౌక్యె గారికే కాదు, కుర్చీల్లో ఉన్న ప్రతి ఒక్కరికీ చెయ్యి కలిపి శుభాకాంక్షలు చెప్పాలి. కాఫీ తాగాలి. కేకు తినాలి. వద్దంటే ఊరుకునే మనిషి కాదు బౌక్యె గారు.

నింకెకి నాలుగు నెలల కిందట పొట్ట చిన్నది చేసే ఆపరేషన్ అయింది. అంత తీపి లోపలికి వెళ్తే పావుగంటలో చెమటలు, గుండెదడ. ఆ సంగతి ఎవరికీ తెలియదు. పిత్తాశయంలో రాళ్లు తీశారని అందరికీ చెప్పుకుంది.

నిజం చెప్పేద్దామనే అనుకుంది. సరిగ్గా అప్పుడే బౌక్యె గారు ఎవరో బంధువుల అమ్మాయి గురించి మొదలుపెట్టారు. "నోరు కట్టుకోలేక పొట్ట కోయించుకుందట!"

గదంతా గొల్లున నవ్వింది. నింకె పక్క కుర్చీలో ఉన్న యెల్మర్, బౌక్యె గారి కొడుకు, అతనూ నవ్వాడు. నింకె కూడా నవ్వింది. తన మీద తానే అలా నవ్వినందుకు ఆమెకి తల కొట్టేసినట్టయింది.

ముక్కని కాగితపు రుమాల్లో చుట్టి, కుర్చీ వెనక వేలాడుతున్న నీలం వానకోటు తనదే అనుకుని దాని జేబులోకి తోసేసింది. ఆ ఊళ్లో సగం మందికి అదే నీలం వానకోటు ఉంటుందని తట్టలేదు.

మర్నాడు పొద్దున్నే బెల్లు మోగింది. గుమ్మంలో యెల్మర్. చేతిలో నలిగిన రుమాలు.

"ఇది మీదేనా?"

నింకె ముఖం కందగడ్డ అయింది. "అదీ... పొరపాటున..."

"పొరపాటున కేకు నా జేబులోకి నడిచొచ్చిందా? పడవ తాళంచెవికి ఇంకా క్రీము వదల్లేదండీ. పైగా అది నేను చేసిన కేకు. నారింజ తొక్క తురుముతూ వేలు కూడా తురుముకున్నాను, చూడండి."

చూసింది. వేలికి కట్టు నిజంగానే ఉంది.

"నాకు తీపి పడదు."

"నోటితో చెప్పొచ్చుగా?"

"మీ అమ్మగారి ముందా?"

యెల్మర్ ఆలోచించాడు. పెదవి చివర నవ్వు మొలిచింది. "అది నిజమే. ఆవిడ ముందు నేనూ చెప్పలేను. సరే, శనివారం ఆవిడ పాటల బృందానికి వెళ్తుంది. మా ఇంటికి రండి, కారంగా ఏదైనా వండుతాను. తెరచాపలు కుట్టడమే నా పని, నా కోటు జేబులు కుట్టేసి మరీ ఉంచుతాను."

నింకె సరేనంది. నిజానికి కాదనాలనీ లేదు.

శనివారం ఒకటే వాన. యెల్మర్ ఆకుకూర కలిపిన ఆలుగడ్డ ముద్ద, మీద ఆవముద్ద రాసిన సాసేజ్, పళ్లెం నిండా పెట్టాడు. ఎలా ఉందోనని చిన్నపిల్లాడిలా ఆమె ముఖంలోకే చూస్తూ కూర్చున్నాడు. ఆమె తినగలిగేది అరకప్పు. మెల్లగా నమలాలి, మధ్యలో నీళ్లు తాగకూడదు. డైటీషియన్ ఎలెమీక చెప్పినవన్నీ గుర్తున్నాయి. అయినా గబగబా తింది, నీళ్లు తాగింది, పళ్లెం ఖాళీ చేసింది.

పది నిమిషాల్లో వాంతులతో అతని బాత్రూమ్ నేల మీద ఉంది.

"డాక్టర్ని పిలవనా?" తలుపు బయటి నుంచి యెల్మర్ అడిగాడు.

"వద్దు! ఆ సాసేజ్... పాడైనట్టుంది."

అనేసి, తల వంచుకుని, వానలో ఇంటికి పరుగెత్తింది. మూడో రోజు తలుపు కింద చీటీ కనిపించింది. 'మాంసం కొట్టువాడితో గొడవ పెట్టుకొచ్చాను. ఇక జన్మలో అక్కడ కొనను. మీరు కోలుకున్నారా?'

చీటీ పట్టుకుని నింకె ఏడ్చింది. ఆ కొట్టువాడు పాపం ఏం చేశాడు?

"శనివారం చేపముక్క, పెరుగు తిన్నారా?" ఆ వారం ఆసుపత్రిలో ఎలెమీక, నింకె రాసుకొచ్చిన తిండి డైరీ చూస్తూ అడిగింది.

"ఆ."

"ఎవరితో?"

నింకె డైరీ వెనక్కి తీసుకోబోయింది.

"నేను దీనికి మార్కులు వెయ్యనండీ. అబద్ధం రాస్తే నేను అబద్ధానికి సలహా ఇస్తాను, అంతే. రోజుకి ఆరుసార్లు తినాలి మీరు. జన్మంతా దాక్కునే తింటారా? వచ్చేవారం మీతో భోంచేసే మనిషిని తీసుకురండి. అందరూ తెస్తారు."

"నాకెవరూ లేరు."

"శనివారం ఉన్నారుగా?"

ఆ సాయంత్రమే నింకె తెరచాపల షెడ్డుకి వెళ్లింది. రేకుల మీద వాన దంచుతోంది. యెల్మర్ సూది ఆపాడు.

"సాసేజ్ బాగానే ఉంది," అంది. "ఆపరేషన్ నా పిత్తాశయానికి కాదు. నేనూ పొట్ట కోయించుకున్నదాన్నే."

"మరి చెప్పలేదేం? అంత వడ్డించేవాణ్ణి కాదుగా!"

"ఎలా చెప్పను? ఆ రోజు నువ్వూ నవ్వావు."

"నేనా? ఎప్పుడు?"

అతనికి గుర్తే లేదు. అదే ఆమెని ఎక్కువ నొప్పించింది. చెప్పింది. వింటున్నకొద్దీ యెల్మర్ చెవులు ఎర్రబడ్డాయి.

"ఛీ," అన్నాడు చివరికి. "అందరూ నవ్వుతుంటే నవ్వాను. ఏమని క్షమించమనాలో కూడా తెలియట్లేదు, నింకె. పొద్దున్నే వెళ్లి ఆ కొట్టువాడి కాళ్లు కూడా పట్టుకోవాలి."

ఏడుపు మధ్యలో ఆమెకి నవ్వొచ్చింది. "వచ్చే గురువారం నాతో ఒకచోటికి వస్తావా?"

"వస్తాను. అమ్మకి నేను చెప్పనా?"

"వద్దు! ఆవిడకి మాత్రం వద్దు."

గురువారం ఎలెమీక గదిలో ఇద్దరూ పక్కపక్కన కూర్చున్నారు. ఈసారి డైరీ పక్కన పెట్టి, నోటితో చెప్పమంది ఎలెమీక. నింకె గుడ్డు, పెరుగు, చేప అన్నీ చెప్పుకొచ్చి ఆగిపోయింది.

"మంగళవారం... రొట్టె మీద చల్లుకునే చాక్లెట్ పలుకులు. రొట్టె మీద కాదు. డబ్బాలోంచి, చెంచాతో. అలమారా తలుపు చాటున నిలబడి."

భూమి విచ్చుకుంటే బాగుండుననిపించింది. యెల్మర్ వైపు చూడలేకపోయింది.

"పాల చాక్లెట్‌వా, నల్లవా?" యెల్మర్ చాలా గంభీరంగా అడిగాడు.

"...పాలవి."

"బతికించావు. నల్లవైతే మన పొత్తు కుదిరేది కాదు."

"ఎన్ని చెంచాలు?" ఎలెమీక నవ్వు ఆపుకుంటూ అడిగింది.

"మూడు." నింకె గొంతు సవరించుకుంది. "నాలుగు."

"తర్వాత?" అన్నాడు యెల్మర్.

"చెమటలు పట్టాయి. వంటింట్లో అరగంట నేల మీద పడుకున్నాను."

"ఒక్కదానివేనా?"

"ఒక్కదాన్నే."

ఈసారి అతని ముఖంలో నవ్వు లేదు. ఆమె చెయ్యి తీసుకున్నాడు. "గోడకి అవతలే ఉన్నాను కదా, పిచ్చిదానా. ఈసారి గోడ మీద కొట్టు. పరుగెత్తుకొస్తాను." అని, కాస్త తడబడ్డాడు. "కాకపోతే... అమ్మ వింటుంది."

నింకె ఇన్ని రోజుల్లో మొదటిసారి తల ఎత్తి అతని కళ్లలోకి చూసింది. ఎంత ఇష్టమో ఆ కళ్లలో దాపరికం లేకుండా కనిపిస్తోంది.

"విననీ," అంది.