నలభై ఒకటితో భాగిస్తే

బద్వేలు సంతలో ఏసన్నను చంపినవాడు ముందుగా అతన్ని వాన గురించి అడిగాడు.

"పాలకొండల్లో వాన పడిందా అప్పా?"

గాజుల మలారం భుజాన వేసుకుని కాస్త దూరంలో నిలబడ్డ లేవి ఆ మాట విని ఉలిక్కిపడ్డాడు. అది తను అడగాల్సిన మాట. తనకూ ఏసన్నకూ మధ్య ఉన్న పాస్‌వర్డ్.

"పడింది గానీ పారలేదు" అని జవాబిచ్చి, ఏసన్న సైకిలుకు స్టాండు వేసి ఆ కొత్తమనిషి వెంట వేరుశనగ మూటల వెనక్కి నడిచాడు. గాజులమ్మేవాడి వేషంలో ఉన్న లేవిని అతను గుర్తుపట్టలేదు.

లేవి మలారం కిందపడేసి, జనాన్ని తోసుకుంటూ వెళ్లేసరికి పని అయిపోయింది. కత్తి పక్కటెముకల కింద దిగి ఉంది. చంపినవాడు సంతలో కలిసిపోయాడు.

"నువ్వే పంపినావనుకుంటి లేవన్నా" అన్నాడు ఏసన్న. ఆ తర్వాత అతను మాట్లాడలేదు.

ఊరూరా సైకిలు మీద తిరిగి సువార్త పుస్తకాలమ్ముకునే ఏసన్నను ఇన్ఫార్మరుగా చేర్చింది లేవియే. ఆ ఎండాకాలంలో చనిపోయిన వాళ్లలో అతను మూడోవాడు. ముగ్గురూ లేవి మనుషులే.

*

అది 1954. కర్నూలు రాజధాని అయి ఇంకా ఏడాది తిరగలేదు. ఆఫీసులు సగం గుడారాల్లోనే నడుస్తున్నాయి. వాటిలో 'గిడ్డంగుల లెక్కల విభాగం' అని బోర్డున్న గుడారం లోపల గిడ్డంగులూ లేవు, లెక్కల గుమాస్తాలూ లేరు. అది కేంద్ర గూఢచారి శాఖవారి రహస్య స్థావరం. దాని చీఫ్ దావీదురాజు.

"కూర్చో" అన్నాడు దావీదురాజు. లేవి కూర్చోలేదు.

"ఏసన్న పాస్‌వర్డ్ వాళ్లకెట్ల తెలిసిందన్నా?"

ఆఫీసులో అందరూ సార్ అనే మనిషిని లేవి ఒక్కడే అన్నా అంటాడు. కలరాలో తల్లీ తండ్రీ పోయి మిషన్ హాస్టలు గడపలో నిలబడిన రోజున తన కంచంలో సగం అన్నం పెట్టినవాడు దావీదురాజు. తర్వాత చదువు, ఉద్యోగం, ఈ రహస్య జీవితం, అన్నీ ఆ చేతి మీదుగానే వచ్చాయి.

"బీరువాలోంచే పోయింటాది" అన్నాడు దావీదురాజు మెల్లగా. "మన ముగ్గురికి తప్ప దాంట్లో చెయ్యి పెట్టేది ఎవురికి తెలుసు? నేను, నువ్వు, కృపమణి."

ఇద్దరూ గుడారం మూలనున్న టేకు బీరువా వైపు చూశారు. తలుపు తీస్తే పావురాల గూళ్లలాగా వరసగా చిన్న గూళ్లు. ఏజెంట్ల వివరాలన్నీ వాటిలో కార్డుల మీద ఉన్నాయి. కానీ ఏ కార్డు ఏ గూట్లో ఉందో చెప్పే పట్టిక ఎక్కడా లేదు. కోడ్ నేమ్‌లోని ఒక్కో అక్షరానికి ఒక్కో అంకె. వాటన్నింటినీ కూడాలి. వచ్చిన మొత్తాన్ని గూళ్ల సంఖ్యతో భాగించాలి. మిగిలిన శేషమే గూడు నంబరు. పేరు తెలిసి, భాగించే సంఖ్య తెలిస్తే కార్డు క్షణంలో చేతికొస్తుంది. తెలియకపోతే, అన్నీ సంకేత లిపిలో ఉన్న కార్డుల మధ్య వారం వెతికినా దొరకదు. రెండు పేర్లకు ఒకే శేషం వస్తే ఆ రెండు కార్డులనూ దారంతో కలిపి కట్టి ఒకే గూట్లో ఉంచుతారు.

ఆ ఏర్పాటు కృపమణిది. మద్రాసులో గణితం చదివిన మనిషి. మొదట్లో మనుషుల కార్డులూ వస్తువుల కార్డులూ ఒకేలా ఉండేవి. పెద్దమ్మ అనే ముసలి ఇన్ఫార్మరుకు రక్షణగా పంపిన జవాన్లు ఒకసారి 'పెద్దమ్మ' అనే కోడ్ నేమ్ ఉన్న పెట్టెకు మూడు రోజులు కాపలా కాసి వచ్చారు. అప్పటి నుంచి కృపమణి మనుషుల కార్డులకు ఎడమ మూల, పెట్టెల కార్డులకు కుడి మూల కత్తిరించింది. ప్రతి గూట్లో మనుషులకొక గాడి, పెట్టెలకొక గాడి వచ్చేలా రేకు ముక్కలు బిగించింది. మనిషి కార్డు పెట్టె గాడిలో దూరదు. పెట్టె కార్డు మనిషి గాడిలో దూరదు.

కృపమణి డబుల్ ఏజెంట్. నల్ల కళ్లద్దాలు, పట్టుచీర, సొంతంగా నడిపే మోరిస్ కారు. పులివెందులలో రాతినార, అంటే ఆస్బెస్టాస్, వ్యాపారం పెట్టిన బ్రాండ్ అనే విదేశీయుడికి ఆమె రహస్యాలు అమ్ముతున్నట్టు నటిస్తుంది. అతనిది ఏ దేశమో ఫైల్లో కూడా రాయకూడదని ఢిల్లీ ఆదేశం. బ్రాండ్‌కు కావలసింది తుమ్మలపల్లె గుట్టల్లో మనవాళ్లు తవ్వి తీసిన నల్లరాయి. అణుశక్తికి పనికొచ్చే రాయి. దాని నమూనాల అసలు పెట్టె కోడ్ నేమ్ 'గరుడ'. పనికిరాని రాళ్లతో నింపిన నకిలీ పెట్టె 'పెద్దమ్మ'. రెండూ కడప గిడ్డంగిలో అచ్చం ఒకేలాంటి పెట్టెల మధ్య ఉన్నాయి. ఏది ఏదో బీరువాలోని కార్డే చెప్పాలి. కృపమణి చేత బ్రాండ్‌కు పెద్దమ్మను అంటగట్టి, ఆ గుట్టల్లో ఏమీ లేదని నమ్మించి పంపడం దావీదురాజు ప్లాన్.

"ఆయమ్మ నటిస్తాందా, నిజంగానే అమ్ముతాందా?" అన్నాడు లేవి.

"అది కనుక్కునేదే నీ అసైన్‌మెంట్."

లేవికి దారి దొరికింది. పాత బీరువా నిండిపోయింది. ప్రతి గూట్లోనూ దారంతో కట్టిన కార్డుల గుత్తులే. కొత్తగా నలభై ఏడు గూళ్ల బీరువా వచ్చింది. గూళ్లు పెరిగితే భాగించే సంఖ్య మారుతుంది, కాబట్టి ప్రతి కార్డూ కొత్త గూటికి మారాల్సిందే. ఆ పని తనే చేస్తానన్నాడు లేవి.

అందరి కార్డులనూ నలభై ఏడు లెక్కన సర్దాడు. కృపమణితో మాత్రం, "చివరి నాలుగు గూళ్లు ఖాళీగా పెట్టినా. నలభై మూడుతో భాగించండి" అన్నాడు. తన కోడ్ నేమ్ 'తంగేడు'. ఆ లెక్కన తంగేడు కోసం వెతికితే దొరికే గూట్లో, తను సిద్ధవటం కోటలో దాక్కున్నట్టు దొంగకార్డు పెట్టాడు.

ఇంకొక్క మనిషి మిగిలాడు. ఎర వేయడమంటే అందరికీ వేయాలని శిక్షణలో నేర్పింది దావీదురాజే. లేవి సిగ్గుపడుతూనే ఆయనతో, "చివరి ఆరు ఖాళీ అన్నా. నలభై ఒకటితో భాగించు" అన్నాడు. ఆ లెక్కన దొరికే తంగేడు దొంగకార్డు మీద గండికోట అని రాశాడు. 

*

సిద్ధవటం కోట బురుజు మీద రివాల్వరుతో కూర్చున్న లేవికి మధ్యాహ్నం పెన్నానది ఇసుకలో పరిచిన తాటాకుల బాట మీదుగా వస్తున్న మోరిస్ కారు కనిపించింది. కృపమణి ఒక్కతే దిగింది. ఆమె వెనక ఎవరూ లేరు.

"రివాల్వరు దించు లేవీ" అంది కళ్లద్దాలు తీస్తూ. ఏడ్చిన కళ్లు. "నువ్వు గండికోటలో ఉండావని బ్రాండ్ మనుషులు పొద్దున్నే పోయినారు. నేను చూసిన కార్డులో సిద్ధవటం అని ఉండాది. నాకు ఒక నంబరు, సారుకు ఒక నంబరు చెప్పినావు గదా?"

 గండికోట అన్న మాట చదవగలిగిన మనిషి ఈ లోకంలో ఒక్కడే.

"అన్న నన్ను అమ్మినాడా?"

"బ్రాండ్ నన్ను నమ్మాలంటే నిజమైన కార్డులు ఇయ్యాల. ముందు చిన్నోళ్లవి ఇయ్యమన్నారు సారు." ఆమె కళ్లు తుడుచుకుంది. "ఏసన్న కార్డు నా చేత్తోనే ఇచ్చినా. దేశం కోసం అన్నారు. తర్వాత బ్రాండ్ పెద్దోళ్ల కార్డు అడిగినాడు. నిన్ను ఇయ్యమన్నారు. నా వల్ల కాదన్నా. ఆయనే ఇచ్చుకున్నారు."

లేవి గోడకు ఆనుకున్నాడు. శత్రువుకు అమ్ముడుపోయి ఉంటే దావీదురాజును ద్వేషించడం తేలికయ్యేది. ఆయన అమ్ముడుపోలేదు. కూర్చుని, లెక్క వేసుకుని, ఇచ్చేశాడు.

"ఏసన్న పెండ్లాం రాహేలమ్మకు నేను మాటిచ్చింటి" అన్నాడు చివరికి. "మీ ఆయన పేరు ఎవురికీ తెలీదు, నాది జవాబుదారీ అని."

"నన్ను తర్వాత తిట్టు. ముందు ఈడనుంచి పోదాం రా. అంతా అయిపోయింది. పెద్దమ్మను బ్రాండ్‌కు అప్పజెప్పినాం. ఈ పొద్దు బొంబాయి మెయిల్లో పోతాండాడు."

లేవి తలెత్తాడు. "పెద్దమ్మ కార్డు ఎవురు తీసినారు?"

"సారే. గిడ్డంగిలో పెట్టె నంబరు ఫోన్లో చెప్పినారు."

"ఏ గూట్లోనించి?"

"ఇరవై ఏడు అన్నారు. ఏం?"

లేవి ఇటుక ముక్కతో గోడ మీద గీశాడు. పెద్దమ్మ అక్షరాల మొత్తం నూట యాభై. నలభై ఒకటితో భాగిస్తే శేషం ఇరవై ఏడు. కానీ ఆయనకు చెప్పిన నలభై ఒకటి అబద్ధం. అసలు సంఖ్య నలభై ఏడు. దాంతో భాగిస్తే శేషం తొమ్మిది. పెద్దమ్మ ఉన్నది తొమ్మిదో గూట్లో. మరి ఇరవై ఏడో గూట్లో ఉన్నదెవరు?

"గరుడ" అన్నాడు లేవి. "డెబ్బై నాలుగు. నలభై ఏడు పోతే ఇరవై ఏడు. నా చేత్తోనే పెట్టినా."

కృపమణి గోడ మీది అంకెల దగ్గరికి వంగింది. "కుడి మూల కోసిన కార్డే అన్నారే!"

"మూల చూస్తే పెట్టె అని తెలుస్తాది. ఏ పెట్టె అని తెలీదు. పేరు చదవాల్సింది. గూడును నమ్మి ఆయన పెట్టె నంబరొక్కటే చదివింటాడు."

తన అపనమ్మకమే అసలు రాయిని శత్రువు చేతిలో పెట్టింది. ఇద్దరూ కారు వైపు పరుగెత్తారు.

*

కడప స్టేషన్లో మెయిలు కూత వేసింది. వెనక బ్రేక్ వ్యాను నిండా రాతినార పెట్టెలు. అన్నీ ఒకే కొలత, అన్నిటి మీదా బ్రాండ్ కంపెనీ ముద్ర.

కృపమణి డిక్కీలోంచి ఇత్తడి టిఫిన్ క్యారియర్ తీసి ఇచ్చింది. కింది గిన్నెలో అన్నం బదులు చిన్న యంత్రం ఉంది. నల్లరాయి దగ్గరికి తీసుకుపోతే టిక్కుటిక్కుమంటుంది.

లేవి వ్యానులోకి ఎక్కాడు. మొదటి పెట్టె మౌనం. రెండోది మౌనం. బండి కుదుపుతో కదిలింది. మూలనున్న పెట్టె దగ్గర క్యారియర్ ఒక్కసారిగా పిచ్చెత్తినట్టు టిక్కుమంది.

"ఏమప్పా లేవీ, గండికోటకు పోతివనుకుంటినే!"

పెట్టెల వెనకనుంచి బ్రాండ్ లేచాడు. నాలుగేళ్లు పులివెందులలో ఉన్న మనిషి. అతని ముఖం తెలుపే గానీ తెలుగు మాత్రం అచ్చం ఆ ఊరిదే. చేతిలో పిస్తోలు.

"కాల్చద్దు!" అంది కృపమణి, కదిలే బండి మెట్టు మీద వేలాడుతూ. "సద్దయితే స్టేషనంతా వస్తారు. ఇంతకాలం నా మాట వినింటివి, ఇదొక్కటి విను."

బ్రాండ్ ఆమె వైపు చూశాడు. ఆ ముగ్గురిలో ఎవరినైనా పూర్తిగా నమ్మిన మనిషి ఇంకా అతనొక్కడే. పిస్తోలు కొంచెం దించాడు.

ఇత్తడి క్యారియర్ అతని మణికట్టు మీద పడింది. పిస్తోలు పట్టాల మీదికి ఎగిరిపోయింది. లేవి పెట్టెకు భుజమిచ్చి తోశాడు. ప్లాట్‌ఫారం ఇంకో గజం ఉందనగా అది దొర్లి బయట పడింది. దాని వెనకే బ్రాండ్‌ను మెడ పట్టుకుని లేవి కూడా దూకాడు. మెట్టు మీదనుంచి దూకిన కృపమణి కేకకు పరుగెత్తుకొచ్చిన ముగ్గురు రైల్వే కానిస్టేబుళ్లు కంకర మీదే బ్రాండ్‌ను పట్టుకున్నారు.

"నువ్వు గూడానా?" అన్నాడు బ్రాండ్, కృపమణిని చూస్తూ. నిజంగా నొచ్చుకున్నవాడి గొంతు అది.

ఆమె నల్ల కళ్లద్దాలు పెట్టుకుంది.

*

దావీదురాజు గుడారంలో ఒంటరిగా కూర్చుని ఉన్నాడు. లేవి రివాల్వరు, గుర్తింపు కార్డు బల్ల మీద పెట్టాడు.

"నిన్ను నమ్మినా అన్నా."

"నేనూ నిన్ను నమ్మినా" అన్నాడు దావీదురాజు. "నువ్వు చెప్పిన నలభై ఒకటిని నమ్మినా. ఇంకోసారి సరిచూసుకోవాలని గూడా తోచలేదు."

"గండికోటలో నేను నిజంగా ఉండింటే?"

పెద్దాయన గుర్తింపు కార్డును తన వైపు లాక్కున్నాడు. "ఒక్క మనిషిని ఇస్తే ఒక కొండ మిగుల్తాది, లేవీ. ఎట్ల లెక్కేసినా అంతే వచ్చింది. లెక్కేసేటప్పుడు నీ ముఖం గుర్తు తెచ్చుకోలేదు. తెచ్చుకునింటే చేతనయ్యేది కాదు."

లేవి బస్టాండుకు నడిచాడు.

బద్వేలులో రాహేలమ్మ చింతపండు గింజలు తీస్తోంది. చంపించినవాడు దొరికాడని చెప్పాడు లేవి. పరాయిదేశపోడని చెప్పాడు. ఆమె విని చేతిలోని కాయ పక్కన పెట్టింది.

"ఆ దొరకు మా ఆయన పేరు యాడ తెలుసునప్పా?" అంది. "మా ఆయన పేరు తెలిసినోళ్లు మీరే గదా."

లేవి నేల మీదే కూలబడ్డాడు. పొద్దు వాలేదాకా ఆమెకు అంతా చెప్పాడు, తన పేరూ, కృపమణి పేరూ, దావీదురాజు పేరూ దాచకుండా. ఆమె అతన్ని లెమ్మని అనలేదు, ఉండమని కూడా అనలేదు.

నెల తిరక్కముందే ఢిల్లీ నుంచి దావీదురాజుకు ప్రశంసాపత్రం వచ్చింది. తన ఏజెంట్లు తన మీద ఉంచిన నమ్మకాన్ని ఆయన పూర్తిగా వినియోగించుకున్నారని అందులో రాశారు.