మెట్ల గోడకు గాజుపట్టీ

“కదలకండి!”

భుజాన బట్టల తానుతో మెట్లెక్కుతున్న టైలర్ బిగుసుకుపోయాడు. కింద హెల్మెట్ పెట్టుకున్న అమ్మాయి నిలబడి ఉంది. పాత కట్టడాల ఆఫీసు నుంచి వచ్చిన ఇంజనీరు.

“మా ఇంట్లో నన్ను ఆపడానికి మీరెవరండీ?”

“ఈ రాతిమెట్ల కింద స్తంభం లేదు, దూలం లేదు. ఒక్కో మెట్టుకు ఒక చివర గోడలో ఉంటుంది, దాని బరువు కింది మెట్టు మోస్తుంది. ఊరంతటికీ ఇలాంటివి ఇవే మిగిలాయి. అందుకే ఈ ఇంటిని కూల్చకూడదన్నారు. ఆ గోడకే పగులొచ్చింది. మీరేమో ఇంత బరువు మోస్తున్నారు!”

“అంటే... పడిపోతాయా?”

“తెలీదు. అదే భయం.”

పుట్టి పెరిగిన ఇంట్లో, అక్కతో కలిసి కుట్టుపని చేసుకునే ఇంట్లో, అతను మొదటిసారి ఒక్కో మెట్టునూ చూసుకుంటూ దిగాడు.

ఆమె పగులుకు అడ్డంగా సన్నని గాజుపట్టీ అంటించింది. గోడ కదిలితే గాజు విరుగుతుంది. విరిగితే ఇల్లు ఖాళీ చేసి, మెట్లు విప్పేయాలి. వానాకాలం దాటితే గండం గడిచినట్టే.

వారం వారం వచ్చి చూసేది. వాన పడితే గాజు విరుగుతుందేమోనని అతనికి భయం. ఆగితే ఆమె రావడం మానేస్తుందేమోనని ఇంకో భయం.

“మీకు నిద్ర పడుతోందా?” అని నవ్వేది.

“మీ గాజే కళ్ళముందు మెదులుతోంది.”

“గాజేనా?”

అతను తలొంచుకుని సూదిలో దారం ఎక్కించేవాడు.

వానాకాలం చివరి వారం, ఆమె ఆఖరిసారి రావాల్సిన పొద్దున గాజు పగిలి కనిపించింది. అతను వెంటనే ఆమెకు ఫోన్ చేశాడు. ఆమె వానలో తడుస్తూ పరిగెత్తుకొచ్చింది.

“మీ అక్క ఏరీ?”

“పైన. మిషను మీద ఉంది. నేను తీసుకొస్తాను.”

“వద్దు!” ఆమె అతని చెయ్యి పట్టుకుంది. అలాగే టార్చి వేసి చూసి, చప్పున చెయ్యి వదిలేసింది.

“గోడ కదిలితే గాజు పగులు వెంట విరగాలి. ఇది నడిమధ్య చిట్లింది. ఎవరో కొట్టారు. మీరేనా?”

“ఒట్టు, నేను కాదండీ!”

“నా ప్రాణం పోయినంత పనైంది. మీకిది ఆటగా ఉందా?”

ఆమె గుమ్మం వైపు నడిచింది. పగిలిన గాజును చూసినప్పటికన్నా ఇప్పుడే అతని గుండె ఎక్కువ జారింది.

“నేనే కొట్టానమ్మా!” అక్క మెడలో టేపుతో గబగబా దిగివచ్చింది. “కత్తెర పిడితో. ఇవాళ్టితో నువ్వు రావడం ఆఖరన్నావు. వీడు చూస్తే బెల్లం కొట్టిన రాయి. ఏం చెయ్యమంటావు?”

“ఇల్లు పోతుందని చచ్చేంత హడలిపోయానక్కా!” అని తమ్ముడు అరిచాడు. అరిచిన ఊపులోనే ఇంజనీరు వైపు తిరిగాడు. “మీరు వెళ్ళిపోతారని కూడా. అది ఇంకా ఎక్కువ.”

ఆమె గుమ్మం దగ్గర్నుంచి వెనక్కి వచ్చింది. కళ్ళు తుడుచుకుని సంచిలోంచి కొత్త గాజుపట్టీ తీసింది.

“నాకూ అంతేనండీ,” అంది మెల్లగా. “మెట్ల కోసమైతే గొడుగు తీసుకుని వచ్చేదాన్ని.”